స్మిత్ అను ఆంగ్ల గృహనామము: ఉత్పత్తి, అర్థము, వ్యాప్తి

ఆంగ్లగ్రంథములను, వాని యనువాదములను జదువు మనవారికిఁ దఱచుగాఁ గనఁబడు గృహనామములలో ‘స్మిత్’ అనునది యొకటి. 1776వ సంవత్సరమున ‘జాతుల సంపద’ అను నర్థశాస్త్రగ్రంథమును బ్రకటించిన ఆడమ్ స్మిత్ స్కాట్లండు దేశీయుఁడు. 1904లో భారతదేశ ప్రాచీనచరిత్రమును బ్రకటించిన విన్సెంట్ స్మిత్ ఐర్లండునఁ బుట్టినవాఁడు. ఇట్టి పేర్లు పాఠములలో వచ్చినపుడు, వీరందఱు నొక్క వంశమువారా యని బాలు రుపాధ్యాయుల నడుగుట సహజము. మన దేశమున నింటిపేరును గోత్రమును గలసినచో జ్ఞాతిత్వము సిద్ధించును, వివాహము నిషిద్ధమగును. ఆ సంస్కారముతోఁ జూచువారికి స్మిత్తులందఱు నొకానొక మూలపురుషుని సంతతివారని తోఁచుటలో వింత లేదు. కాని యది పొరపాటు. ఈ పేరు వంశమును దెలుపునది కాదు. ఒకప్పటి వృత్తిని దెలిపి, యిప్పు డదియుఁ దెలుపని శబ్దము. ఇది యెట్లు పుట్టెను, ఏ యర్థమునఁ బ్రవర్తించెను, ఇతర నామముల నన్నిటిని మించి యేల వ్యాపించెను అను మూఁడంశముల నిందు విచారింతము.

శబ్దవిచారము

మొదట రెండు దుర్వ్యుత్పత్తులను దొలఁగింపవలసియున్నది. స్మిత్ అను ధ్వని చెవినిఁ బడఁగానే సంస్కృతజ్ఞులకు స్మితశబ్దము స్ఫురించును. ష్మిఙ్ ధాతువునకు మందహాస మర్థము. దానిపైఁ క్తప్రత్యయము చేరఁగా స్మితమైనది. కొలిమి యెదుటఁ జెమటలు గ్రక్కుచు సమ్మెట నెత్తువానికిని మందహాసమునకును సంబంధ మేమి? ధ్వనిసామ్య మొక్కటియే వ్యుత్పత్తికిఁ జాలదు. నిజమునకు ష్మిఙ్ ధాతువుతో సోదరభావము గల యాంగ్లశబ్దము నవ్వు నర్థమిచ్చు ‘స్మైల్’ అనునది, స్మిత్ కాదు.

రెండవది యాంగ్లేయులలోనే చిరకాలము వ్యాపించియున్నది. ‘స్మైట్’ అను క్రియకుఁ గొట్టుట యర్థము. ఇనుమును గొట్టువాఁడు గావున స్మిత్ అయ్యెనని దాని సారము. ఇక్కడ నర్థము సరిపోయినట్లు కనఁబడును గాని ధ్వని సరిపోదు. ప్రాచీనాంగ్లమున నా క్రియకుఁ బూయుట, పులుముట యనునదియే యర్థము. కొట్టుట యను నర్థము పిదప వచ్చినది. మఱియు నా క్రియ తుది హల్లు స్పర్శము. స్మిత్ శబ్దమునందలి తుది హల్లు నాలుకకొనను దంతములకు దగ్గఱగాఁ జేర్చి యూఁదఁగాఁ బుట్టు నూష్మము. మన లిపిలో దానికి వర్ణము లేకపోవుటచేఁ దకారముతో వ్రాయుచున్నాము. ఆ రెండు హల్లులలో నొకటి రెండవదానినుండి పుట్టుట యా భాషల ధ్వనిమర్యాదకు విరుద్ధము.

ఇఁక నిజమైన వంశక్రమము. ఈ శబ్ద మాంగ్లభాష కొక్కదానికే చెందినది కాదు. జర్మానికభాష లన్నిటికిని సమానము. ప్రాచీనాంగ్లమున ‘స్మిథ్’, ప్రాచీన నార్సుభాషలో ‘స్మిథ్‌ర్’, జర్మనులో ‘ష్మీడ్’. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా యనునాతఁడు గాథికుభాషలోనికిఁ బరివర్తించిన బైబిలునందుఁ దామ్రకారునికి ‘ఐజస్మిథ’ యను సమాసము ప్రయోగింపఁబడినది; ఇందుఁ బూర్వపదము లోహవాచకము. దీని మూలధాతువునకు వాఁడి పనిముట్టుతోఁ జెక్కుట యర్థమని యూహించి, గ్రీకుభాషలో నులిని జెప్పు ‘స్మీలే’ యను శబ్దముతోఁ బండితులు దీనిని బోల్చుదురు. తుది యూష్మము పూర్వకాలపుఁ దకారమునుండి వచ్చినది. 1822లో జర్మను పండితుఁడు యాకోబ్ గ్రిమ్ వివరించిన ధ్వనిసూత్రము ప్రకారము మన ‘త్రి’ శబ్దమునందలి తకారమునకుఁ బ్రతిగా నాంగ్లసంఖ్యావాచకమున నట్టి యూష్మమే కలదు.

మొదట నీ శబ్దము కమ్మరినే చెప్పెడిది కాదు. నార్సుభాషలోఁ గొయ్యపని చేయువానికిని నిది చెల్లెను. చేతిపనిలో నేర్పరి యెవఁడైనను స్మిత్తే. క్రమముగా నర్థసంకోచము నొంది లోహపుఁబని వానియందును, వారిలో నింకను విశేషించి యినుపపని వానియందును నిలిచినది. మన కర్మారశబ్దపుఁ గథయు నిట్టిదే. కర్మశబ్దముతో సంబంధించిన యా పదము పనివాని సామాన్యముగాఁ జెప్పఁదగినదైనను, ఋగ్వేద దశమమండలము 72వ సూక్తముననే కొలిమి యూఁదువానియందుఁ బ్రయుక్తమైనది. పాళిభాషలో నది ‘కమ్మార’. మన కమ్మరి యా తెగలోనిదే యని తద్భవమర్యాద నెఱిఁగినవారు గ్రహింపఁగలరు. వేఱు వేఱు ధాతువులనుండి పుట్టిన రెండు శబ్దములు రెండు దేశములలో నొక్క త్రోవనే నడచుట గమనింపఁదగినది.

వృత్తినామము గృహనామమగుట

ప్రాచీనాంగ్లేయులకుఁ గుటుంబనామములు లేవు. ఒక్కొక్కనికి నొక్కొక్క పేరే. ఒక యూర నదే పేరుగలవా రిద్దఱున్నచోఁ దండ్రి పేరో, యూరి పేరో, యొడలి గుఱుతో, చేయు పనియో చేర్చి చెప్పెడివారు. ఇట్లు స్మిత్ శబ్దము మనుష్యనామమునకుఁ జేరుట దర్హాం ప్రాంతపుఁ బ్రాచీనపత్త్రమున, సుమారు 975వ సంవత్సరముననే కనఁబడుచున్నది. అది యప్పటికి విశేషణమే గాని వంశనామము కాదు.

1066లో నార్మనులు దేశమును జయించిన పిమ్మట వంశనామములు స్థిరపడఁ దొడఁగెను. భూస్వాములు మొదట, సామాన్యులు తరువాత నీ పద్ధతి నవలంబించిరి. సుమారు 1400 నాఁటి కింగ్లండున నెక్కువ కుటుంబములకు స్థిరమైన పేరు లేర్పడెను. దీనికిఁ బ్రభుత్వపు వ్రాఁతపనియుఁ దోడ్పడినది. 1377, 1379, 1381 సంవత్సరములలోఁ దలపన్ను విధింపఁగా గ్రామగ్రామమున మనుష్యులను బేరుపేరున వ్రాయవలసివచ్చెను. 1413లో నొక శాసనము, వ్యాజ్యపు టాజ్ఞాపత్త్రములలోఁ బ్రతివాది పేరుతోఁ గూడ నాతని స్థితినో వృత్తినో నివాసమునో తెలుపవలెనని విధించినది. 1538 నుండి జ్ఞానస్నాన వివాహ మరణములను బ్రతి చర్చిలోను లిఖింపవలెనని యుత్తరువు కలిగెను. వ్రాఁతలోఁ బడిన పేరు మార్చుట సులభము కాదు గదా.

శాబ్దికులకు రుచించు విషయ మిందొకటి కలదు. మధ్యయుగపు లేఖ్యములలో ‘విలియం లె స్మిత్’ అని యుండును. నడుమనున్న ‘లె’ యను నవ్యయప్రాయమైన పదము నిర్దేశార్థకము; ‘విలియ మనెడి యా కమ్మరి’ యని తాత్పర్యము. కాలక్రమమున నది లోపించి ‘విలియం స్మిత్’ మిగిలినది. ఆ లోపముతో విశేషణము సంజ్ఞ యగుటకు మార్గ మేర్పడెను. మన పరిభాషలోఁ జెప్పవలెనన్న, కొలిమి పెట్టుకొన్న విలియమునందుఁ స్మిత్ శబ్దము యౌగికము. కులవిద్య విడువని యాతని కొడుకునందు యోగరూఢము. బట్టలు కుట్టుకొని బ్రదుకు మనుమనియందుఁ గేవలరూఢము. ఈ మూఁడవ యవస్థ వచ్చిననాఁడే యది గృహనామమైనది. అర్థము చచ్చినఁగాని నామము పుట్టదన్నమాట.

కొడుకును దెలుపు ప్రత్యయముతోఁ గూడిన ‘స్మిత్‌సన్’ అను రూపమును గలదు. ఇది మనకుఁ గ్రొత్త కాదు. పాణిని చతుర్థాధ్యాయ ప్రథమపాదమున నపత్యప్రత్యయములను జెప్పుచు శిల్పివాచకములకు వేఱుగా విధి చేసినాఁడు. తంతువాయుని కొడుకు తాంతువాయ్యుఁడు, కుంభకారుని కొడుకు కౌంభకార్యుఁడు. ఉత్తరదేశీయుల మతమున వారే తాంతువాయియుఁ గౌంభకారియు. కర్మారుని కొడుకునకు మాత్రము ప్రత్యేకముగా ఫిఞ్ ప్రత్యయము విధించి కార్మార్యాయణి యను రూపమును సాధించెను. బుద్ధభగవానునికిఁ గడపటి భిక్ష నిడిన పావానగరపుఁ జుందుఁడు పాళిగ్రంథములలోఁ ‘గమ్మారపుత్త’ బిరుదముతోనే ప్రసిద్ధుఁడు. కార్మార్యాయణి, కమ్మారపుత్త, స్మిత్‌సన్ అను నీ మూఁడును నర్థమున నొక్కటియే. భేద మేమనఁగా, ఆంగ్లరూపము తరతరములకుఁ బ్రాఁకిన వంశనామమైనది.

వ్యాప్తికి హేతువులు

ఇంగ్లండు వేల్సు దేశముల జననమరణ లేఖనాధికారి 1853వ సంవత్సరమునకై ప్రకటించిన నివేదికలో గృహనామముల గణన మొకటి కలదు. అందు స్మిత్తులు సుమారు 2,53,600, జోన్సులు 2,42,100, విలియమ్సులు 1,59,900, టెయిలరులు 1,24,400. అనఁగా డెబ్బదిమువ్వురలో నొకఁడు స్మిత్తు. జోన్సు, విలియమ్సు అనునవి తండ్రుల పేర్లనుండి పుట్టినవి. వేల్సు దేశమున వంశనామములు చాల నాలస్యముగా స్థిరపడుటచేతను, అప్పటికి వాడుకలోనున్న పురుషనామములు కొలఁదియే యగుటచేతను నవి పెరిఁగినవి. వృత్తినామములలో స్మిత్తునకుఁ దరువాతిదైన టెయిలరు, అనఁగా దర్జీ, దానిలో సగము మాత్రమే. ఈ యంతరమునకుఁ గారణ మేమి?

కమ్మరు లందఱికంటె నెక్కువమంది యుండిరనుట సమాధానము కాదు. నాఁటి జనులలో నత్యధికులు కృషీవలులు. అయినను దున్నువాఁడను నర్థము గల గృహనామములు స్మిత్తులతోఁ బోల్పఁగా నత్యల్పములు. ఇక్కడనే రహస్య మున్నది. విశేషణము వ్యావర్తకము, ఇతరులనుండి వేఱుచేయనిచో దాని యుపయోగము లేదు. ఊరివారందఱు నాఁగలి పట్టువారే యైనపుడు ‘దున్నెడి జాన్’ అని చెప్పిన నెవఁడని తెలియును? కమ్మరి యన్ననో, యూరి కొక్కఁడు; మిక్కిలియైన నిద్దఱు. ‘కమ్మరి జాన్’ అనఁగనే వ్యక్తి తెలియును. కాఁబట్టి వృత్తి యరుదైనది కావలెను, కాని యెల్లయూళ్ల నుండునది కావలెను. ఈ రెండు లక్షణములు గలసిన వృత్తియే గృహనామముగా వ్యాపించును.

కమ్మరి లేని యూరు సాగదు. నాఁగటికఱ్ఱు, కొడవలి, గొడ్డలి, తలుపు బందులు, మేకులు, గుఱ్ఱపు లాడములు, యుద్ధమున కీఁటెమొనలు, అన్నియు నాతని దాఁగలి మీఁదనే పుట్టవలెను. స్వయముగా స్మిత్తైన ఆడమ్ స్మిత్ తన గ్రంథమున శ్రమవిభాగము విపణి విస్తృతిని బట్టి యుండునని నిరూపించుచు, పల్లెకమ్మరి యినుముతోఁ జేయఁదగిన సర్వవిధములైన పనులను దానొక్కఁడే చేయుననియుఁ, గేవలము మేకులు చేసి బ్రదుకుట కొండసీమల పల్లెలలోఁ బొసఁగదనియుఁ జెప్పినాఁడు. గృహనామ చరిత్రమున కీ మాట చక్కఁగా వర్తించును. పనులు విడివడని చోటఁ బేరును విడివడలేదు. విడివడిన పట్టణములలో గోల్డ్‌స్మిత్, అనఁగా స్వర్ణకారుఁడు. ఆరోస్మిత్, బాణపు ములుకులు చేయువాఁడు. షూస్మిత్, లాడములు చేయువాఁడు. నేస్మిత్, కత్తులు చేయువాఁడు అను సమస్తపదములు గృహనామములైనవి. ‘సిక్స్‌స్మిత్’ అను నొక పేరును గలదు. పూర్వపదము చూచి యాఱుగురు కమ్మరులని భ్రమింపరాదు. అది కొడవలిని జెప్పు శబ్దపు వికారము. ఇవన్నియుఁ గొలఁది కుటుంబములకే పరిమితములు.

మూఁడవ హేతువు శబ్దసంబంధమైనది. నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది. నాఁటి యింగ్లండున వస్త్రపరిశ్రమలోఁ బనిచేయువారు కమ్మరులకుఁ దీసిపోవువారు కారు. అయినను వారి పేర్లు పర్యాయములచేఁ జీలిపోయినవి. నేసిన బట్టను నీటఁ ద్రొక్కి గట్టిపఱచువానిని దక్షిణ పూర్వభాగములలో ‘ఫుల్లర్’ అనియు, నైరృతిభాగమునఁ ‘టక్కర్’ అనియు, నుత్తరమున ‘వాకర్’ అనియు వ్యవహరించిరి. మూఁడును వేఱు వేఱు గృహనామములైనవి. నేఁతవాఁడు ‘వెబ్’ అనియు ‘వెబ్‌స్టర్’ అనియు ‘వీవర్’ అనియుఁ జీలెను. రొట్టెలు కాల్చువాఁడు ‘బేకర్’, ‘బాక్‌స్టర్’ అని రెండైనాఁడు. స్మిత్ శబ్దమునకో, యుత్తరమున దక్షిణమునఁ బర్యాయము లేదు. శాసనములలో లాటినుభాష వ్రాయువారు ‘ఫాబెర్’ అనియు, నార్మనులు ‘ఫెవ్ర్’ అనియు వ్రాసినను జనులనోట స్మిత్తే నిలిచినది. ఒక్క యర్థమునకు దేశమంతట నొక్కటే శబ్దముండుట యీ పేరు బలము. వృత్తి గొప్పతనము కంటె శబ్దము నేకత్వమే దీనిని మొదటిస్థానమున నిలిపినదనుట యుక్తము.

‘స్మైత్’, ‘స్మైథ్’ అని పలుకఁబడు రూపాంతరములు కొన్ని కలవు. పూర్వకాలపు వ్రాఁతలో నా యచ్చునకు రెండక్షరములలో నేదైనను వాడుచుండిరి. తరువాతి కాలమునఁ గొందఱు దానినే ఘనతకుఁ జిహ్నముగాఁ జేసికొనిరి. 1605లోనే రిచర్డ్ వెర్‌స్టీగన్ అను పండితుఁడు, స్మిత్ పేరుగలవాఁడెంతటి యధికారియైనను నా పేరు కొలిమినుండి పుట్టినదే యని ఛందోబద్ధముగా హెచ్చరించెను. లిపిభేదము జన్మమును మార్పదు.

అన్యనామములు స్మిత్తునఁ గలియుట

పర్యాయములు లేని శబ్దమున కితరభాషల పర్యాయములు వచ్చి చేరుట విచిత్రము. 1465లో ఐర్లండున నాంగ్లప్రభుత్వ మొక శాసనము చేసినది. డబ్లిను మొదలగు మండలములలో నాంగ్లేయుల నడుమ వసించు ఐరిషువా రాంగ్లనామమును ధరింపవలెను. అది పట్టణపుఁ బేరైనను, వర్ణనామమైనను, అధికారనామమైనను, వృత్తినామమైనను గావచ్చును. వృత్తినామములకు శాసనమే చూపిన యుదాహరణములలో స్మిత్ యొకటి. ఐరిషుభాషలోఁ గమ్మరికొడు కను నర్థము గల ‘మక్‌గవన్’ వంశములవారు పలువురు పిమ్మట స్మిత్తులైరి. స్కాట్లండునందలి గేలికుభాష మాటాడువారిలోను నిట్లే జరిగెను. ఆ దేశమునను స్మిత్ మొదటిస్థానమున నున్నది.

అమెరికాలో నీ సంగమ మింకను బెద్దది. జర్మను ష్మిట్టులు, డచ్చి స్మిట్టులు పలువు రచ్చట స్మిత్తులైరి. 1917లో నా దేశము జర్మనీతో యుద్ధమునకు దిగినపుడు జర్మను పేరు ధరించుట కష్టముగాఁ దోఁచి మార్చుకొన్నవారును గలరు. 1865లో దాస్యము రద్దుకాఁగా విముక్తులైన నల్లజాతివారి పేర్లు 1870 జనసంఖ్యలో మొదటిసారి సమగ్రముగాఁ గుటుంబనామములతో లిఖింపఁబడెను. వారిలోఁ గొందఱు పూర్వపు యజమానుని పేరును, గొందఱు తాము కోరిన పేరును గ్రహించిరి. 2010 జనసంఖ్యలో నా దేశమున స్మిత్తులు 24,42,977 మంది. గృహనామములలో నిదియే ప్రథమము. వారిలో నూటికి సుమారు 23 మంది నల్లజాతివారు. ఒక్క పేరిఁ క్రింద నాంగ్లేయ గ్రామకమ్మరి సంతతియు, శాసనభీతిచేఁ బేరు మార్చుకొన్న ఐరిషువాని సంతతియు, జర్మను వలసకాని సంతతియు, దాస్యవిముక్తుని సంతతియు నున్నవి. ఇందు రక్తైక్యము వెదకుట యెంత యసంగతమో స్పష్టము.

ఇతర జాతులలోను గమ్మరి గృహనామమైనాఁడు. ఫ్రెంచివారి లెఫెవ్ర్, ఇటలీవారి ఫెరారి, హంగరీవారి కోవాచ్, రష్యావారి కుజ్‌నెత్సోవ్, పోలండువారి కొవాల్‌స్కి, అరబ్బుల హద్దాద్ అన్నియు నీ కోవలోనివే. జర్మనీలో మాత్రము పిండిమర వానిని జెప్పు ‘ముల్లర్’ మొదటిది, ష్మిట్ రెండవది. అచ్చట కమ్మరి పేరు ష్మిట్, ష్మిడ్, ష్మిట్స్ అని లిపిచేఁ జీలియున్నది. పైఁజెప్పిన మూఁడవ హేతువున కిది వ్యతిరేకముఖముగా నిదర్శనము.

ఒకఁడు విడువఁగా నొకఁడు గ్రహించిన పేరు

పేరు రూఢమైనను, దానిపై మనుష్యుల కభిమానము నవమానము నుండకపోవు. హ్యూ స్మిత్‌సన్ అను నాంగ్లప్రభువు పెర్సీ యను మహావంశపు వారసురాలిని బెండ్లాడి, 1750లోఁ దన పేరు విడిచి పెర్సీ యను పేరు ధరించి, 1766లో నార్తంబర్లండు డ్యూకయ్యెను. ఆయనకు వివాహబాహ్యముగాఁ గలిగిన జేమ్స్ అను కొడుకు తల్లివైపు పేరగు మేసీతో వ్యవహరింపఁబడుచు రసాయనశాస్త్రవేత్తయై, 1800లోఁ దల్లి గతించిన పిమ్మట, తండ్రి వదలిన స్మిత్‌సన్ నామమునే స్వీకరించెను. ఆతఁడు 1829లో మరణించెను. ఆతని మరణశాసనము ననుసరించి ధనము చివర కమెరికా ప్రభుత్వమునకుఁ జేరఁగా, విద్యాభివృద్ధికై 1846లో వాషింగ్టను నగరమున స్మిత్‌సోనియను సంస్థ స్థాపింపఁబడెను. తండ్రి తక్కువ యని విడిచిన కమ్మరికొడుకు పేరు, కొడుకు చేత జ్ఞానమందిరమునకు శాశ్వతనామమైనది.

ఫలితార్థము

పై విచారమువలన మన బోధకులకు మూఁడంశములు గ్రాహ్యములు. స్మిత్ శబ్దము జర్మానికభాషల సొత్తు. దానిని స్మితమునుండి గాని, ‘స్మైట్’ క్రియనుండి గాని సాధింపరాదు. గృహనామ మొక్కటియైనంత మాత్రమున వంశ మొక్కటి యని చెప్పరాదు. ఒక పేరు విరివిగా నుండుట దానిని మొదట ధరించినవారి సంఖ్యను గాక, యా శబ్దము చేసిన పనిని దెలుపును. అనఁగా నూరఁ బదిమందిలో నొకనిని నిర్దేశించి చూపఁగల శక్తిని. నేఁ డా శక్తి విపరీతమైనది. నాఁ డొకనిని వేఱుచేయఁ బుట్టిన పేరు నేఁడు లక్షలమందికి సామాన్యమై, స్మిత్తని పిలిచిన నెవ్వఁడో తెలియకుండఁ జేయుచున్నది. వ్యావర్తకముగాఁ బుట్టినది సాధారణమై నిలుచుట యీ శబ్దముయొక్క చరిత్రము.